కెన్యా మిషన్‌లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

విదేశీ మిషన్లలో వాలంటీరుగా పనిచేయడం గురించి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కెన్యా గురించినవే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ దేశానికే కేటాయించాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్ర: బీఎస్సీ నర్సింగ్ చదివి ఆరేళ్లుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. కెన్యాలోని ఒక మిషన్ ఆసుపత్రివారు మూడు నెలలు వచ్చి గ్రామ ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో సాయం చేయమంటున్నారు. జీతం లేని పనికి పర్మిట్ అక్కర్లేదు, టూరిస్టుగా వెళ్లిపొమ్మని బంధువులు అంటున్నారు. అక్కడ రోగులను కూడా చూడవచ్చా?
— ఒక నర్సు, నర్సాపురం

జ: బంధువుల మాట నమ్మకండి. జీతం తీసుకోకపోయినా పని పనే. 2024 జనవరి నుంచి కెన్యా వీసా పద్ధతి తీసేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. అది దేశంలో అడుగుపెట్టడానికే, పనిచేయడానికి కాదు. మీలా తక్కువ కాలానికి వెళ్లేవారికి స్పెషల్ పాస్ ఉంటుంది. ఏడాది, రెండేళ్లు ఉండే మిషనరీలకు క్లాస్ ఐ పర్మిట్ ఇస్తారు. ఈ రెండింటిలో దేనికైనా మిమ్మల్ని పిలిచిన సంస్థే కెన్యా ఇమ్మిగ్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. 'ముందు మీరు వచ్చేయండి, ఇక్కడికొచ్చాక చూసుకుందాం' అని వాళ్లంటే టికెట్ కొనకండి. పాస్ చేతికొచ్చాకే ప్రయాణం.

రోగులను చూడటం వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కెన్యాలో చెల్లదు. అక్కడ మంచం పక్కన నిలబడి ఒక్క ఇంజెక్షన్ చేయాలన్నా నర్సింగ్ కౌన్సిల్ ఆఫ్ కెన్యా అనుమతి కావాలి. డాక్టర్లకైతే అక్కడి మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ ఇచ్చే తాత్కాలిక లైసెన్స్ ఉండాలి. వీటికి మన కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందనే ధ్రువపత్రం), డిగ్రీ నకళ్లు, పాస్‌పోర్ట్ సేవా నుంచి పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. పిల్లలతో పని కాబట్టి లైసెన్స్ అక్కర్లేని వాలంటీరును కూడా మంచి మిషన్ ఏదైనా పోలీస్ క్లియరెన్స్ అడుగుతుంది. అడగలేదంటే ఆ మిషన్ గురించే కాస్త ఆలోచించాలి. కాగితాలన్నీ చేతికి రావడానికి ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

శిక్షణలో సాయం వరకే అయితే లైసెన్స్ ప్రశ్న చాలావరకు తప్పుతుంది. కానీ ఒక చిక్కుంది. మెడలో స్టెతస్కోప్‌తో ఊళ్లో అడుగుపెట్టిన పరాయి మనిషిని అందరూ 'దక్తారీ' (డాక్టరు) అనే పిలుస్తారు. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు మీ ముందు వరుస కడతారు. కార్యకర్త మీ పక్కనే ఉండి చూస్తూ ఉంటుంది. ఆ బిడ్డను మీరు చూస్తే మీరు వెళ్లిన మర్నాటి నుంచి ఆవిడ మాట ఎవరూ వినరు. స్టెతస్కోప్ ఇంట్లోనే వదిలి వెళ్లండి.

ప్ర: ఏఎన్‌ఎంగా పదిహేనేళ్ల అనుభవం ఉంది. అక్కడి కార్యకర్తలకు ఏం నేర్పాలి? నలభై స్లైడ్ల పవర్‌పాయింట్ తయారు చేసుకున్నాను. చదువు తక్కువ ఉన్నవాళ్లకు అర్థమవుతుందా?
— ఒక ఏఎన్‌ఎం, ఖమ్మం జిల్లా

జ: స్లైడ్లు పక్కన పెట్టండి. మొదట అక్కడి ఏర్పాటు ఏమిటో తెలుసుకోవాలి. మన ఆశా కార్యకర్తకు దగ్గరగా ఉండే మనిషిని కెన్యాలో కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్ అంటారు. 2023 దాకా వీళ్ల పేరు కమ్యూనిటీ హెల్త్ వాలంటీర్. సుమారు 5,000 మంది జనాభాకు ఒక కమ్యూనిటీ హెల్త్ యూనిట్, ఒక్కో ప్రమోటర్‌కు సుమారు 100 ఇళ్లు. 2023 సెప్టెంబరులో దేశమంతటా లక్ష మందికి కిట్లు ఇచ్చారు. నెలకు 5,000 షిల్లింగుల భత్యాన్ని కేంద్ర ప్రభుత్వం, కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ప్రభుత్వం చెరిసగం భరించేలా నిర్ణయించారు. అంటే మిషన్ శిక్షణ ఇచ్చినా ఆ మనిషి కౌంటీ మనిషే. సిలబస్ ఆరోగ్య శాఖది. మీరు దాన్ని మార్చడానికి వెళ్లడం లేదు. ఖమ్మంలో మీరు వాడే మోతాదులు, మీకు అలవాటైన కార్డులు అక్కడ చెప్పకండి.

చదువు సంగతికి వస్తే భయం అక్కర్లేదు. మన పక్కనే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన పనిలో చదవడం రాని ఆడవాళ్లే గ్రామ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. 1978లో ఆల్మా ఆటాలో (నేటి కజకిస్తాన్‌లోని నగరం) ప్రాథమిక ఆరోగ్యం గురించి ప్రపంచ దేశాలు చేసిన ప్రకటన వెనుక జామ్‌ఖేడ్ లాంటి అనుభవాలున్నాయి. చదువు రాని మనిషి పాఠం వల్లె వేయలేకపోవచ్చు. చేసి చూపించింది మాత్రం మళ్లీ చేయగలదు. పైగా కెన్యా ప్రమోటర్లలో చాలామంది అక్కడి జాతీయ భాష స్వాహిలి చదవగలరు, రాయగలరు.

ఇక నేర్పవలసిన పని. రెండు నెలల వయసు నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో వచ్చే నిమోనియా, నీళ్ల విరేచనాలు, మలేరియాలను ఊళ్లోనే గుర్తించి చూసే పద్ధతిని ఐసీసీఎం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2012లో కలిసి సిఫారసు చేసిన పద్ధతి ఇది. పుస్తకంలో తేలికగా కనిపిస్తుంది. తప్పులు జరిగేది చేతిపనిలో.

ఊపిరి లెక్కే చూడండి. రెండు నుంచి పదకొండు నెలల బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు 40, లేదా అంతకు మించితే వేగపు ఊపిరి కింద లెక్క. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు, చొక్కా పైకి తీసి పొట్ట కనబడాలి, పూర్తిగా అరవై సెకన్లు లెక్కపెట్టాలి. ముప్పై సెకన్లు చూసి రెట్టింపు చేయడం నర్సులకు అలవాటు. పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు కాబట్టి ఆ అలవాటు వాళ్లకు అంటించకండి. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు మరొకటి. పొట్ట పైకి లేచినప్పుడు ఒకటి, కిందికి దిగినప్పుడు ఒకటి లెక్కపెడతారు. 38 కాస్తా 76 అవుతుంది. ఎవరైనా 80, 90 చెబితే ముందు అనుమానించాల్సింది దీన్నే. అంకెలు తడబడేవాళ్లకు పూసల దండ ఉపాయం బాగా పనిచేస్తుంది. ఊపిరికొక పూస జరుపుతూ పోతారు, హద్దు దగ్గర పూస రంగు మారుతుంది. ఏడాది లోపు బిడ్డకు ఒక దండ, పైబడిన బిడ్డకు మరొకటి.

మొదట వీడియో మీద, తర్వాత ఆసుపత్రి వార్డులో నిజం పిల్లల మీద సాధన చేయించండి. మీరూ శిక్షణ పొందే ప్రమోటరూ ఒకే నిమిషం ఒకే బిడ్డను లెక్కపెట్టి, అంకె ఒకరికొకరు కనబడకుండా రాసుకుని పోల్చుకోండి. తేడా రెండు మూడు కంటే ఎక్కువుంటే మళ్లీ చేయాలి. నలుగురైదుగురు శిక్షణార్థులకు ఒక శిక్షకుడు ఉంటేనే ఇది కుదురుతుంది. నలభై మందిని హాల్లో కూర్చోబెట్టి ఊపిరి లెక్క నేర్పడం వృథా.

నిమోనియా గుర్తించడం అన్ని చోట్లా నేర్పుతారు. కానీ దానికి వాడే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ ఇచ్చే అనుమతి ప్రమోటర్‌కు ఉందా, లేక ఆరోగ్య కేంద్రానికి పంపడమేనా అన్నది మీరు పనిచేయబోయే కౌంటీ ఆరోగ్య కార్యాలయంలో మొదటి రోజే అడగండి. ఇక్కడ ఊహ పనికిరాదు.

ఓఆర్‌ఎస్ మనకు తెలిసిందే అనుకుంటాం. మన దగ్గర 200 మిల్లీలీటర్లకు ఒక ప్యాకెట్, లీటరుకు ఒక ప్యాకెట్ దొరుకుతాయి. అక్కడ దొరికే ప్యాకెట్ మీద ఏం రాసుందో చదివి ఆ నీళ్ల కొలతే నేర్పాలి. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ దొరికే సీసా ఏదో చూసి దానితో కొలిచి చూపించండి. కొలత గ్లాసు మీతోపాటే వెళ్లిపోతుంది. నీళ్లు తక్కువైతే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం, ఎక్కువైతే ఓఆర్‌ఎస్ వల్ల ప్రయోజనం ఉండదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ పట్టాలి. జింకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఆరు నెలలు నిండినవాళ్లకు రోజుకొకటి, అంతకంటే చిన్నవాళ్లకు సగం, పది రోజులు. తల్లులు మూడో రోజు విరేచనాలు కట్టగానే మానేస్తారు. 'పది రోజులు' అని చెబితే సరిపోదు, మొదటి మాత్ర తల్లి చేతే చెంచాలో కరిగించి అక్కడే వేయించాలి.

మలేరియా ర్యాపిడ్ పరీక్షలో తడబాట్లు ఇంకా ఎక్కువ. ప్యాకెట్ మీది గడువు చూడాలి. లోపలి తేమ పీల్చే పొట్లం రంగు మారి ఉంటే ఆ కిట్ పారేయాలి. స్పిరిట్ ఆరకముందే వేలికి గుచ్చితే రక్తం పలచబడుతుంది. రక్తం చతురస్రపు గడిలో, బఫర్ (కిట్‌తో వచ్చే ద్రవం) చుక్కలు గుండ్రటి గడిలో. ఎన్ని చుక్కలన్నది కిట్‌ను బట్టి మారుతుంది. ఒక కంపెనీ బఫర్ సీసా ఇంకో కంపెనీ కిట్‌కు వాడితే ఫలితం నమ్మకూడదు. బఫర్ అయిపోతే నీళ్లు వేసేవాళ్లూ ఉంటారు, అదీ తప్పే. కిట్ మీద రాసినంత సేపు, చాలా కిట్లకు 15 నిమిషాలు, ఆగి చదవాలి. రెండో నిమిషంలో చూసి నెగెటివ్ అనడం, గంట తర్వాత చూసి పాజిటివ్ అనడం రెండూ జరుగుతాయి. సీ (కంట్రోల్) గీత రాకపోతే పరీక్షే చెల్లదు. టీ (టెస్ట్) గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే. గుచ్చిన సూదిని బల్ల మీద పెట్టకుండా నేరుగా సూదుల డబ్బాలో వేయించండి.

ఆఫ్రికాలో ఎక్కువగా వాడే కిట్లు మలేరియా క్రిమి విడిచే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. మందు వాడి బిడ్డ కోలుకున్నా అది కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. అందుకే పోయిన వారం చికిత్స పొందిన బిడ్డకు మళ్లీ జ్వరమొస్తే ఈ పరీక్ష చేసి ప్రయోజనం లేదు, ఆరోగ్య కేంద్రానికి పంపాలి. పాజిటివ్ అయితే మలేరియా మందు ఆర్టిమెథర్ లూమిఫాంట్రిన్ మూడు రోజుల్లో ఆరు మోతాదులు. 5 నుంచి 15 కిలోల లోపు వారికి పూటకు ఒక మాత్ర, 15 నుంచి 25 లోపు వారికి రెండు. రెండో మోతాదు మొదటిదానికి ఎనిమిది గంటల తర్వాత. పాలతోనో అన్నంతోనో ఇస్తేనే బాగా ఒంటపడుతుంది. అన్నిటికంటే కష్టం నెగెటివ్ వచ్చినప్పుడు మందు ఇవ్వకుండా పంపడం. రెండు మైళ్లు నడిచొచ్చిన తల్లి ఉత్త చేతులతో వెళ్లదు. ఆ సంభాషణనే నాటకంలా నాలుగైదు సార్లు ఆడించండి. మాత్రలు ఎక్కువ తగలేసేది అక్కడే.

పోషణ కొలత తేలిక, రంగుల పట్టీతో చేతి చుట్టుకొలత చూడడమే. ఎడమ భుజం కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యన, చెయ్యి వదులుగా వేలాడేసి, పట్టీ బిగించకుండా చూడాలి. 115 మిల్లీమీటర్ల లోపు ఎరుపు, 125 లోపు పసుపు. ఆరు నెలలు నిండిన పిల్లలకే. రెండు పాదాలూ నొక్కితే గుంట పడుతున్నాయేమో కూడా చూడాలి. అలా పడితే పట్టీ పచ్చ చూపించినా ఆసుపత్రికే.

ప్రమాద సూచనలు మాత్రం ప్రతి ఉదయం చెప్పించండి. ఫిట్స్, పాలు లేదా నీళ్లు తాగలేకపోవడం, ఏది పట్టినా కక్కేయడం, మగతగా పడి ఉండడం, డొక్కలు ఎగరేయడం, విరేచనంలో రక్తం, పద్నాలుగు రోజులు లేదా అంతకు మించిన దగ్గు లేదా విరేచనాలు, ఏడు రోజులు లేదా అంతకు మించిన జ్వరం, పట్టీ ఎరుపు, రెండు పాదాల వాపు. వీటిలో ఏ ఒక్కటున్నా ఊళ్లో చికిత్స లేదు, రెఫరల్ కాగితం రాసి పంపడమే. కాగితం రాయడం, ఆ బిడ్డ వెళ్లిందో లేదో మర్నాడు కనుక్కోవడం కూడా శిక్షణలో భాగమే. శిక్షణ తర్వాత నెలనెలా సూపర్‌వైజర్ వెళ్లి చూడకపోతే ఊపిరి లెక్క త్వరగానే సడలుతుంది. కాబట్టి మీరు అక్కడ ఉండే రోజుల్లో ఎక్కువ సమయం ప్రమోటర్లకంటే వాళ్లను చూసుకునే కమ్యూనిటీ హెల్త్ అసిస్టెంట్లకే కేటాయించండి. మీరు తిరిగొచ్చాక అక్కడ ఉండేది వాళ్లే.

ప్ర: ఇంగ్లిష్ వస్తే చాలా?
— ఒక ఫార్మసిస్ట్, విజయనగరం

జ: ఆసుపత్రిలో చాలు. ఊళ్లో స్వాహిలి, కొన్ని కౌంటీల్లో కిప్సిగిస్, లువో, కికుయు లాంటి స్థానిక భాషలు కావాలి. దుబాసీ ఉంటారు. అయినా కొన్ని మాటలు మీకు తెలియకపోతే పొరపాట్లు జరుగుతాయి. 'హోమా' అంటే జ్వరం, కానీ జలుబుకూ అదే అంటారు. 'హోమా ఉందా' అని అడిగితే అవునన్న ప్రతి బిడ్డకూ మలేరియా పరీక్ష చేయాల్సి వస్తుంది. ఒళ్లు వేడిగా ఉందా అని అడిగించండి, లేదా థర్మామీటర్ పెట్టించండి.

అంతకంటే ముఖ్యం గంటలు. స్వాహిలిలో రోజు అర్ధరాత్రి కాక పొద్దు పొడుపుతో మొదలవుతుంది. 'సా మోజా' అంటే ఒకటో గంట, మన లెక్కలో ఉదయం ఏడు. 'సా న్నే' అంటే నాలుగో గంట, మనకు పది. ఉదయం పదికి మొదటి మోతాదు వేసి, ఎనిమిది గంటల తర్వాత సాయంత్రం ఆరుకు రెండోది వేయమనాలంటే స్వాహిలిలో అది 'సా కుమీ నా మ్బిలీ', పన్నెండో గంట. కాగితం మీద 6 అని రాసిస్తే ఆ తల్లి మధ్యాహ్నం పన్నెండుకే వేయవచ్చు. గంటలకు బదులు పొద్దు గుర్తులు చెప్పించడం మేలు.

ప్ర: మా సంఘంలో ప్రతి ఇంటి నుంచి మిగిలిన మందులు, డాక్టర్లిచ్చిన శాంపిళ్లు సేకరించాం. రెండు పెట్టెలయ్యాయి. వాలంటీరుతో పంపవచ్చా?
— ఒక సంఘ కార్యదర్శి, రాజమహేంద్రవరం

జ: పంపకండి. మందుల విరాళాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవతలివాళ్లు అడిగినవే పంపాలి. చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. రోగులు తిరిగిచ్చినవి, ఉచిత శాంపిళ్లు పనికిరావు. పేరు, మోతాదు అక్కడివాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీ పెట్టెల్లో సగం ఈ నియమాల దగ్గరే ఆగిపోతాయి. మిగిలినవి నైరోబీ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఆగుతాయి, వాలంటీరు జవాబు చెప్పుకోవాలి. ఇంకో నష్టమూ ఉంది. ప్రమోటర్ సంచిలో అక్కడి ప్రామాణిక జాబితాలో లేని రంగురంగుల మాత్రలు చేరితే, ఆవిడ నేర్చుకున్న మోతాదులన్నీ గందరగోళమవుతాయి.

పంపాలనే ఉంటే ఏం కావాలో మిషన్‌ను అడగండి. థర్మామీటర్లు, టైమర్లు, చార్టులకు ప్లాస్టిక్ తొడుగులు, వానలో తడవని సంచులు లాంటి సామాన్యమైన జాబితా వస్తుంది. వాటిని కూడా నైరోబీలో కొనమని డబ్బు పంపితే విమానం బరువు మిగులుతుంది, ఆ ఊరి దుకాణానికి వ్యాపారమూ దొరుకుతుంది.

ప్ర: టీకాలు ఏవి వేయించుకోవాలి? మాకు చిన్నప్పుడు మలేరియా వచ్చి తగ్గింది, మళ్లీ మాత్రలు అవసరమా?
— ఒక దంపతులు, సికింద్రాబాద్

జ: ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. కెన్యా నుంచి తిరిగొచ్చినవారిని మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ అమల్లోకి వస్తుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి. దీనితోపాటు హెపటైటిస్ ఏ, బీ, టైఫాయిడ్, ధనుర్వాతం టీకాలు సరిచూసుకోండి.

చిన్నప్పటి మలేరియా ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు. అక్కడ ఎక్కువగా ఉండేది ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా, అది క్లోరోక్విన్ మందుకు లొంగదు. విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్న సియాయా, హోమా బే, బుసియా, కిసుము కౌంటీల్లో ప్రమాదం ఎక్కువ, నైరోబీలో బాగా తక్కువ. కాబట్టి మిషన్ ఎక్కడుందో డాక్టరుకు కచ్చితంగా చెప్పండి. నివారణ మాత్రల్లో అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజుల దాకా రోజూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ చవక. కానీ తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి, ఎండకు చర్మం కమిలిపోతుంది, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు. మెఫ్లోక్విన్ వారానికొకటే గానీ మూర్ఛ, మానసిక సమస్యలున్నవారికి పనికిరాదు. ఇంటికి రాగానే మాత్రలు మానేయడమే చాలామంది చేసే తప్పు. తిరిగొచ్చిన మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా 'ఆఫ్రికా వెళ్లొచ్చాను' అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

ప్ర: మిషన్ కాబట్టి శిక్షణతోపాటు సువార్త కూడా చెప్పవచ్చా?
— ఒక పాస్టర్, గుంటూరు

జ: శిక్షణ ప్రార్థనతో మొదలుపెట్టడం అక్కడ మామూలే. కానీ ప్రమోటర్ కౌంటీ మనిషి అని పైన చెప్పాం. ఆవిడ చూసే వంద ఇళ్లలో ముస్లింలుండవచ్చు, వేరే సంఘాలవారు ఉండవచ్చు. మందుకూ మతానికీ ముడి పెడితే ఆ ఇళ్లు తలుపులు వేసుకుంటాయి. సహాయాన్ని మత ప్రచారానికి వాడకూడదని రెడ్‌క్రాస్, సహాయ సంస్థలు కలిసి 1994లో ఒప్పుకున్న నియమావళిలోనే ఉంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రికి అన్ని కులాల, మతాల ఆడవాళ్లు వెళ్లేవారని మీ ఊరివారికి చెప్పనక్కర్లేదు. మీ విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే చెప్పండి. పిల్లల ఫొటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం తల్లిదండ్రుల అనుమతి, మిషన్ అనుమతి రెండూ లేకుండా వద్దు.

ప్ర: నాకు రెండు వారాల సెలవే ఉంది. వెళ్లవచ్చా? ఒక సంస్థ ముందుగా డబ్బు కట్టమంటోంది.
— ఒక ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), కర్నూలు

జ: రెండు వారాల్లో శిక్షణ ఇవ్వలేరు. మీకు ఊళ్లు చూపించి, భోజనం పెట్టి, దుబాసీని ఇచ్చి, మళ్లీ విమానం ఎక్కించేసరికి ఆ మిషన్ సిబ్బందికి రెండు వారాల పని పోతుంది. అదే సమయంలో, ఆ ఖర్చులో కొద్దిభాగంతోనే జామ్‌ఖేడ్ వెళ్లి అక్కడి శిక్షణ ఎలా నడుస్తుందో చూడవచ్చు. తర్వాత సెలవు పెంచుకుని కెన్యా గురించి ఆలోచించండి.

డబ్బు కట్టమనడం దానంతట అది మోసం కాదు. భోజనం, వసతి, స్థానిక ప్రయాణం, పర్మిట్ ఫీజు వాలంటీరే భరించడం చాలా మిషన్లలో ఉంది. లెక్క విడివిడిగా రాసిమ్మని అడగండి. కెన్యాలోని ప్రొటెస్టెంట్ ఆసుపత్రులు ఎక్కువగా క్రిస్టియన్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ కెన్యాలో సభ్యులు. మిమ్మల్ని డబ్బు అడిగిన సంస్థ పేరు ఆ సభ్యుల్లో ఉందేమో కనుక్కోండి. కిజాబే, టెన్వెక్, చొగోరియా, మసేనో లాంటి పాత మిషన్ ఆసుపత్రులకు సొంత కార్యాలయాలున్నాయి, నేరుగా రాయవచ్చు. డబ్బు సంస్థ బ్యాంకు ఖాతాకే పంపాలి. వ్యక్తి పేరు మీద మొబైల్ మనీకి పంపమంటే అక్కడితో ఆపేయండి.